సన్నాసిదిబ్బ సున్నంనీళ్ళు

సెప్టెంబరు 9, 2006. శనివారం

అక్క కళ్ళు పచ్చబడ్డాయని ముందు కనిపెట్టింది నేనే. అమ్మ కాదు, వీధిలో వాళ్ళు కాదు. పొద్దున అరుగు మీద కూర్చుని జడ వేసుకుంటోంది. ఎండ మొహాన పడింది. కళ్ళలో తెల్లగా ఉండాల్సిన చోటంతా మామిడిపండు రసం పోసినట్టుంది.

"ఏటే అక్కా, కళ్ళకి కూడా పసుపు రాసుకున్నావా?" అన్నాను.

"నీ మొహానికి రాత్తాను, ఇలా రా," అంది.

తర్వాత అద్దం అడిగింది. చూసుకుంది. అద్దం బోర్లా పెట్టేసి మళ్ళీ జడ వేసుకుంది.

వరద తీసి నెల దాటింది. కనకాలపేట వీధుల్లో నీళ్ళు లాగేశాయి గాని పంపు నీళ్ళకి ఇంకా బురద వాసనే. వీధిలో చాలామందికి వాంతులు, జ్వరాలు. అక్కకి ఏడో నెల. పురిటికని మేమే తెచ్చుకున్నాం. బావ విశాఖపట్నంలో బోటు మీద పని. వేటకెళ్తే ఒడ్డుకొచ్చేదాకా ఫోను అందదు.

అమ్మ అంది: "కామెర్లకి ఇంగ్లీషు మందు లేదు. సూది పొడిత్తే లోపలికి ముదిరిపోద్ది."

పక్కింటి బుల్లెమ్మత్త సన్నాసిదిబ్బకి తీసుకెళ్ళమంది. ఆదివారాలే చూస్తారట. రేపు ఆదివారమే.

అమ్మ నావైపు చూసింది. "నువ్వు తీసుకెళ్తావా, ఇంకెవరినైనా అడగనా?" అంది. నా ఆటో ఉండగా ఇంకెవరినో అడగడమేంటి? తీసుకెళ్తానన్నాను.


సెప్టెంబరు 10, ఆదివారం

వంతెన దాటి, ఎదుర్లంక దాటి, ఏటిగట్టు మీద చాలా దూరం పోయాం. ఆటోలో అక్క, అమ్మ, బుల్లెమ్మత్త. గతుకు వచ్చినప్పుడల్లా బుల్లెమ్మత్త "ఒరేయ్ వీరబాబూ, లోపల పిల్ల ఉందిరా" అంటుంది. నాకు తెలీదా. గేదెబండిలా తోలాను.

గట్టు దిగాక కొబ్బరితోటలో నడవాలి. తోట చివర దిబ్బ, దిబ్బని ఆనుకుని గోదారి. ఏరు సగం దిబ్బని కోసేసింది. కోసిన చోట ఇటుకలు బయటపడ్డాయి. ఒక్కో ఇటుక నా మోచెయ్యి పొడవుంది. గుండ్రంగా వరసలు వరసలుగా, బండిచక్రం పూడ్చినట్టు. పైన చిన్న రేకుల పాక. పాకలో తెల్లరాతి మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తల లేదు. ఒళ్ళంతా పసుపు, కుంకం. ఆయనే సన్నాసయ్య.

తోట మొదట్లో తుప్పు పట్టిన నీలం బోర్డు ఉంది. చదివి అక్కకి చెప్పాను. బౌద్ధ స్తూపమట. రాళ్ళు కదిపితే జరిమానా అట.

"అయితే బుద్ధుడా ఈయన?" అంది అక్క.

"అంతే మరి."

"తల లేదు కదరా. మన గోడు దేంతో వింటాడు?"

"నువ్వు మాట్లాడతావని తెలిసి తలకాయ ఎక్కడో దాచుకున్నాడు."

అక్క నవ్వింది. బుల్లెమ్మత్త ఇద్దర్నీ కసిరింది. తొమ్మిదో క్లాసుతో నేను బడి మానేశాక నాకు చదవడం వచ్చని అక్క ఒక్కతే గుర్తుపెట్టుకుంది. బోర్డు, బస్సు, సీసా మీద అక్షరాలు, ఏది కనిపించినా నాచేత చదివిస్తుంది.

మందు వేసేది ఉమామహేశ్వరం గారని ఒక పెద్దాయన. ఆ మందు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. డబ్బులు ముట్టుకోడు. దిబ్బ చుట్టూ పడున్న తెల్లరాతి ముక్కలు ఏరి, గుల్లలతో కలిపి చిన్న బట్టీలో కాల్చి సున్నం చేస్తాడు. "సన్నాసయ్య ఒంటి సున్నం," అంటాడు. బట్టీ పక్కన కుప్ప చూశాను. ఒక ముక్క మీద తామరపువ్వు రేకులు చెక్కి ఉన్నాయి. బోర్డు సంగతి గుర్తొచ్చింది గాని నాకెందుకులే అనుకున్నాను.

ముందు అక్క అరచేతులకి ఏదో ఆకుపసరు రుద్దాడు. కింద ఇత్తడి పళ్ళెం పెట్టాడు. చేతుల మీద సున్నం తేట పోశాడు. చూస్తుండగానే ఆ తెల్లనీళ్ళు పసుపు రంగులో పళ్ళెంలోకి దిగాయి. పసుపుకొమ్ము అరగదీసినంత చిక్కగా.

"చూశారా, దిగుతుంది," అన్నాడు.

అమ్మ దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. నా కళ్ళతో చూశాను మరి. అక్క ఒంట్లోంచి రోగం అలా కారిపోవడం.

పథ్యం చెప్పాడు. ఉప్పు వద్దు, నూనె వద్దు, పసుపు వద్దు, నీచు వద్దు. రోజూ పొద్దున నేలఉసిరి పసరు మజ్జిగలో. ప్రతి ఆదివారం రావాలి. నీళ్ళు తెల్లగా దిగిన రోజు రోగం పోయినట్టు.


సెప్టెంబరు 12

నేలఉసిరి నేనే కోసుకొస్తున్నాను. అడవిపొలం గట్ల మీద బాగుంది. అమ్మ రుబ్బుతుంది, నేను వడగడతాను. అక్క తాగి మొహం చిట్లించి, "నువ్వు తాగి చూడు, తెలుత్తాది" అంటుంది.


సెప్టెంబరు 14

అక్క వాంతి చేసుకుంది. పసరు పని చేస్తే అలాగే అవుతుందని బుల్లెమ్మత్త అంది.

స్టాండులో మావాళ్ళు అడుగుతున్నారు, రోజూ మధ్యాహ్నం ఎక్కడికి పోతున్నావని. ఇక్కడ మందు చవకని వంతెన దాటొచ్చే మందుబాబుల్ని బ్రాందీ షాపులకి తోలే పని ఎవడైనా చేస్తాడు. ఇది ఎవడూ చెయ్యలేడు.

టైల్సు ఫ్యాక్టరీలో మానేశాను, హైదరాబాదు హోటల్లో మానేశాను, రొయ్యల చెరువు మీద కాపలా మానేశాను. నిజమే. అక్క అంటుంది: "నువ్వు ఏ పన్లోనైనా నిలబడితే నా పిల్లకి నీ పేరు పెడతాను." మగపిల్లాడైతేనో అంటే, "మగపిల్లాడైతే అస్సలు పెట్టను. పేరుతో పాటు బుద్ధులొచ్చేత్తాయి" అంటుంది.

ఈసారి చూస్తుంది.


సెప్టెంబరు 17, ఆదివారం

నీళ్ళు తేలికపడ్డాయి. పోయిన వారమంత చిక్కగా లేవు. నిమ్మకాయ రంగు. అమ్మకీ అలాగే అనిపించింది. బుల్లెమ్మత్త మాత్రం అంతే ఉన్నాయి కదా అంది. ఆవిడకి చత్వారం.

దిబ్బ ఎక్కేటప్పుడు అక్కకి ఆయాసం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆయాసం రాదా?


సెప్టెంబరు 19

వరద క్యాంపు నర్సమ్మ ఇంటింటికీ బిళ్ళలు పంచుతూ వచ్చింది. అక్క కనురెప్ప లాగి చూసింది. వెంటనే మొహం మారిపోయింది.

"ఎన్నో నెల?" అంది.

"ఏడోది వెళ్తుందండి," అంది అమ్మ.

"కడుపుతో ఉన్నావిడకి ఈ కామెర్లు చాలా ప్రమాదం. రేపే కాకినాడ తీసుకెళ్ళి రక్తం చూపించండి. చీటీ రాసిస్తాను."

అమ్మ నావైపు చూసింది. నన్ను చెప్పమన్నట్టు. ఇన్నేళ్ళలో అమ్మ నావైపు అలా ఎప్పుడూ చూడలేదు.

"ఆయ్, మందు వాడుతున్నామండి. తగ్గుముఖమే. నీళ్ళు తేలికపడ్డాయండి," అన్నాను.

"ఏ నీళ్ళు?"

చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మళ్ళీ అంది, "బాబూ, రేపే."

అక్క లోపల్నించి, "ఏం రాసిందిరా? చదువు," అంది. బలం బిళ్ళలని చెప్పాను.


సెప్టెంబరు 20

కాకినాడ వెళ్ళలేదు. ఆదివారం చూసి వెళ్దాం.


సెప్టెంబరు 22

బావ ఫోను చేశాడు. ఒడ్డుకొచ్చాడట, కామెర్ల సంగతి విన్నాడట. "ఎలా ఉందిరా మీ అక్కకి?" అన్నాడు. తగ్గింది బావా, నేనున్నాను కదా అన్నాను. "రమ్మంటావా, ఇంకో ట్రిప్పు చేసుకు రానా?" అన్నాడు. నిదానంగా రా అన్నాను.

అక్కకి ఫోను ఇస్తే నిద్రపోతోంది. పగలు బాగా నిద్ర పడుతోంది. మంచిదే. ఒళ్ళు తేరుకునేటప్పుడు నిద్ర పడుతుంది.


సెప్టెంబరు 24, ఆదివారం

ఇవాళ ఒక సంగతి జరిగింది.

అక్క చేతులు చాచి ఉంచలేకపోయింది. వేళ్ళు వాలిపోతున్నాయి. ఉమామహేశ్వరం గారు నన్ను వెనక కూర్చుని పట్టుకోమన్నారు. అక్క చేతుల కింద నా చేతులు పెట్టాను. పసరు రుద్దుతుంటే నా చేతులకీ అంటుకుంది. ఆయన తేట పోశాడు.

నా చేతుల మీంచి కూడా పసుపు దిగింది.

అందరం చూశాం. అక్క చేతులు పక్కకి తీసి, ఒక్క నా చేతుల మీదే మళ్ళీ పోయించుకున్నాను. పసుపే.

"నీకూ అంటుకుందయ్యా," అన్నాడాయన. జాలిగానే అన్నాడు. "దగ్గరుండి చేత్తున్నావు కదా, అంటుకుంటాది. భయం లేదు. ఆదిలోనే పట్టుకున్నాం."

అమ్మ ఏడుపు మొదలెట్టింది. నాకు మాత్రం భయం వెయ్యలేదు. ఎందుకో చెప్పలేను. ఆటో తోలుకుంటూ వస్తుంటే తేలిగ్గా అనిపించింది. ఇద్దరం కలిసి తాగుతాం, ఇద్దరికీ కలిసి పోతుంది.


సెప్టెంబరు 25

నేనూ పథ్యం మొదలెట్టాను. ఉప్పులేని అన్నం నోట్లో తిరగదు. అక్క చేసేది ఇన్నాళ్ళకి తెలిసింది.

ఆటో అద్దంలో కళ్ళు చూసుకుంటే పచ్చగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఇంకాస్త ఎక్కువ.


సెప్టెంబరు 27

అక్క నన్ను "నాన్నా" అని పిలిచింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. కలలో ఉండుంటుంది.

కంచంలో అన్నాన్ని ముద్దలు చేసి వరసగా పెట్టింది, తినలేదు. వీటినేం చేద్దామే అంటే "పిల్లలకి" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను నవ్వించడానికి ఒక ముద్ద తీసుకుని తిన్నాను. అక్క చెయ్యి మీద కొట్టింది, గట్టిగా.

బలం ఉంది కాబట్టే కొట్టింది.


సెప్టెంబరు 28

రాత్రంతా కూర్చునే ఉందట. పగలంతా నిద్ర. నీరసం.


సెప్టెంబరు 29

ముక్కులోంచి కొద్దిగా రక్తం. వేడి చేసింది.


సెప్టెంబరు 30, శనివారం

లేపితే లేవలేదు. కళ్ళు తెరుస్తుంది, చూస్తుంది, నన్ను కాదు. నోట్లో పసరు పోస్తే పక్కనించి కారిపోయింది.

రేపు ఆదివారం కదా అంది అమ్మ. ఒక్క రోజు ఓపిక పట్టు, ఆయన చూస్తాడు అంది.

నేను జేబులో నర్సమ్మ చీటీ కోసం వెతికాను. ఉతుకులో నానిపోయి ముద్దయింది. అక్షరాలు లేవు.

అక్కని ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాను. అమ్మ ఆటోకి అడ్డంగా నిలబడింది. "సూది పొడిపించి చంపుతావంట్రా నా కూతుర్ని! నీళ్ళు తేలికపడ్డాయని నువ్వే కదా అన్నావు!" అని అరిచింది. వీధంతా చూస్తోంది. బుల్లెమ్మత్త మొగుడు సుబ్బారావు మావ వచ్చి అమ్మని పక్కకి లాగి తనూ ఎక్కాడు. అమ్మ పరుగెత్తుకొచ్చి వెనక కూర్చుంది. కాకినాడ దాకా నన్ను తిడుతూనే ఉంది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. అక్క కళ్ళలో లైటు వేసి చూసి, ఎన్నాళ్ళయిందని అడిగింది. చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

నీళ్ళ సంగతి చెప్పాను. పసుపు దిగడం, తేలికపడడం అన్నీ. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. సెలైను పెట్టించి, ఏవో సూదులు వేయించింది. లోపల బిడ్డ గుండె కొట్టుకోవట్లేదని చెప్పింది.

నాకూ ఉందండి, నాకూ మందివ్వండి అన్నాను. నా రెప్ప కిందకి లాగి చూసింది. "నీకెవరు చెప్పారు?" అంది. మళ్ళీ చెప్పాను. నర్సుని పిలిచి నా రక్తం కూడా తీయించింది.


అక్టోబరు 1, ఆదివారం

నా రక్తంలో ఏమీ లేదు. కొంచెం కూడా లేదు. డాక్టరమ్మ కాయితం చేతిలో పెట్టింది. "నీకు కామెర్లు లేవు బాబూ. ఎప్పుడూ లేవు," అంది.

అయితే నా చేతుల మీంచి దిగిందేమిటి?

అక్క చేతుల మీంచి దిగిందేమిటి?


అక్టోబరు 2

సాయంత్రం పోయింది.


అక్టోబరు 3

బావ వచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి "నువ్వు చెయ్యగలిగిందంతా చేశావురా" అన్నాడు.


అక్టోబరు 15

ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఒకటే చెబుతుంది. "మూడు వారాలు నిక్షేపంగా ఉందమ్మా. తగ్గిపోయింది. సూది పొడిచారు, మూడోనాడు పోయింది." వచ్చినవాళ్ళు తలాడిస్తారు. మా పిన్నికి అంతే, మా తోడికోడలికి అంతే అంటారు.

నేను గోడకి ఆనుకుని కూర్చుంటాను. నేను కాదనను. అమ్మ చెప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం నిజమవుతుంది. సూదిదే తప్పయితే తీసుకెళ్ళిన నాది తప్పు. పసరుది తప్పయితే రుబ్బిన అమ్మది. నేనే మోస్తాను. నాకు అలవాటే.

రక్తం కాయితం మడిచి ఆటో సీటు కింద పెట్టాను.


అక్టోబరు 18

సుబ్బారావు మావకి కళ్ళు పచ్చబడ్డాయి. అమ్మే వాళ్ళింటికి వెళ్ళి చెప్పింది, ఆసుపత్రికి పొరపాటున కూడా వద్దు, నేను దగ్గరుండి దిబ్బకి తీసుకెళ్తానని. అక్క పోయాక అమ్మ గుమ్మం దాటడం అదే మొదలు.


అక్టోబరు 19

మావని స్టాండులో పట్టుకుని, కాకినాడ వెళ్దాం రమ్మన్నాను. "నీ ఆటో ఎక్కి ఒకసారి ఎల్లాను కదరా కాకినాడ," అన్నాడు. వెటకారం కాదు, భయం.


అక్టోబరు 25, బుధవారం

ఇవాళ ఒక్కడినే దిబ్బకి వెళ్ళాను. ఆదివారం కాదు కాబట్టి మనుషులు లేరు. ఉమామహేశ్వరం గారు బట్టీలో బూడిద తోడుతున్నారు. నన్ను గుర్తుపట్టి, "మీ అక్కగారి సంగతి విన్నానయ్యా. సూది పొడిపించకుండా ఉండాల్సింది," అన్నారు.

కాయితం తీసి చూపించాను. "నాకు ఏమీ లేదన్నారండి. మరి నా చేతుల మీంచి దిగిందేంటండి?"

"అది వాళ్ళ లెక్క, ఇది మన లెక్క."

"మీ చేతుల మీద పోసుకోండి ఓసారి."

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. "నాకెందుకు? నాకు రోగం లేదు కదా."

"అందుకేనండి."

వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. అనలేదు. ఇన్నేళ్ళలో ఆ ఆలోచనే రాలేదేమో మరి. బుట్టలోంచి ఆకు తీసి అరచేతుల మధ్య నలిపారు. నేను తేట పోశాను. పళ్ళెం పెట్టలేదు. పసుపునీళ్ళు ఆయన వేళ్ళ సందుల్లోంచి పంచె మీద పడ్డాయి.

ఆయన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. గోదారి వైపు మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. రెండు మూడు పాత ఇటుకలు కూడా దాంతో పోయాయి.

"మా నాన్న చేతికీ ఇదే ఆకు," అన్నారు. "ఎంతమందికి పోశాడో. ఎంతమంది బతికారు నాయనా! బతికినోళ్ళు మా ఇంటికొచ్చి దణ్ణం పెట్టేవోరు."

"బతకనోళ్ళు రారు కదండి," అన్నాను.

ఆయన నన్ను కొడతారేమో అనిపించింది. కొట్టలేదు. బుట్ట పట్టుకుని పాకలోకి వెళ్ళి తల లేని ఆయన పక్కన కూర్చున్నారు.


అక్టోబరు 29, ఆదివారం

బుల్లెమ్మత్తనీ మావనీ అమ్మ దిబ్బకి తీసుకెళ్ళింది. వేరే ఆటో మాట్లాడుకున్నారు. ఉమామహేశ్వరం గారు ఎప్పటిలాగే పోశారట. నీళ్ళు తేలికపడ్డాయట.


నవంబరు 12

సుబ్బారావు మావ లేచి తిరుగుతున్నాడు. ఆకలేస్తుందట. కళ్ళు తెల్లబడ్డాయి.

అమ్మ వాళ్ళింట్లోంచి వచ్చి నా ముందు నిలబడింది. "చూశావా?" అంది. ఆ మాటలో కోపం లేదు. మావ బతికినందుకు సంతోషం కూడా లేదు. "ఆ రోజు నువ్వు ఒక్క రోజు ఆగుంటే..." అని అక్కడితో ఆపేసింది.

ఈ కామెర్లు చాలామందికి వాటంతటవే పోతాయని, కడుపుతో ఉన్నవాళ్ళనే పట్టుకుని చంపుతాయని డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది. అమ్మకి చెప్పలేదు. ఎలా చెప్పను?

వచ్చే ఆదివారం దిబ్బ మీద బుల్లెమ్మత్త వాళ్ళ మొక్కుబడి. పొంగలి వండి పంచుతారు. నన్ను ఆటో కట్టమన్నారు. సరేనన్నాను.


నవంబరు 19, ఆదివారం

గిన్నెలు, కట్టెలు, మనుషులు. రెండు ట్రిప్పులు వేశాను. దిబ్బ మీద ఎప్పుడూ చూడనంత జనం. వరద నీళ్ళు తాగిన ఊళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. సుబ్బారావు మావని అందరికీ చూపిస్తున్నారు. ఆయన సిగ్గుపడుతూ పొంగలి వడ్డిస్తున్నాడు. అమ్మ వరస దగ్గర నిలబడి కొత్తవాళ్ళకి పథ్యం చెబుతోంది. ఉప్పు వద్దు, నూనె వద్దు. అందరూ అమ్మ మాట శ్రద్ధగా వింటున్నారు.

వరసలో దరియాలతిప్ప వాళ్ళు ఒక జంట ఉన్నారు. అతను సెబాస్టియన్, వలలు కడతాడు, మొహం తెలుసు. భార్య జోసెఫిన్ అతని భుజానికి ఒరిగి ఉంది. మెళ్ళో చిన్న సిలువ. చీర కుచ్చిళ్ళు పైకి కట్టుకుంది. ఆరో నెలో, ఏడో నెలో.

అమ్మ ఆ పిల్లని చూసింది. నేను అమ్మని చూశాను. అమ్మ పథ్యం చెప్పడం మధ్యలో ఆపింది. తర్వాత చెయ్యి చాచింది. "వట్టి మనిషివి కాదు, ఎండలో ఎందుకమ్మా, ముందుకి రా. ముందు నీకే పోయిస్తాను," అంది.

నేను వెళ్ళి సెబాస్టియన్ చెయ్యి పట్టుకున్నాను. "మీ ఆవిడ పగలు నిద్రపోతుందా?" అన్నాను.

"నిన్నటి నుంచి అదే పని. ఏం?"

"ఆటో ఎక్కించు. కాకినాడ వెళ్దాం."

"ఆసుపత్రికెళ్తే మీ అక్కే పోయిందంట కదా."

అందరూ తిరిగి చూస్తున్నారు. అమ్మ కూడా. కాయితం జేబులోనే ఉంది గాని దాన్నెవరు చదువుతారు అక్కడ? ఆకుబుట్ట లాక్కుని, సుబ్బారావు మావ చేతులు పట్టుకుని పసరు రుద్దాను. రోగం పోయి పొంగలి పెడుతున్న చేతులు. తేట పోశాను. పసుపు దిగింది.

"ఈయనకి తగ్గిపోయింది కదా? మరి ఇదేంటి?" అన్నాను. గట్టిగానే అన్నాను. "నాకు రోగం లేదు, నాకూ దిగింది. ఉమామహేశ్వరం గారికీ దిగింది, అడగండి. అది ఆకు రంగు. మా అక్కని సూది చంపలేదు. మూడు వారాలు మేం దీన్ని చూస్తూ కూర్చున్నాం. తేలికపడ్డాయి, తేలికపడ్డాయి అని నేనే అన్నాను. మేం చంపుకున్నాం."

ఉమామహేశ్వరం గారు తలెత్తలేదు. ఎవరో "వీడికి మతి పోయింది" అన్నారు. ఇంకెవరో నా చొక్కా పట్టుకున్నారు. సుబ్బారావు మావ తడిచేతులు అలాగే చాచి నిలబడిపోయాడు.

అమ్మ వరస దగ్గర్నించి కదిలి, కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుంది. నేను "మేం" అన్నాను. "నేను" అనుంటే సరిపోయేది.

సెబాస్టియన్ భార్యని ఎత్తుకున్నాడు.


నవంబరు 20

జోసెఫిన్‌ని లోపల ఉంచారు. అదే డాక్టరమ్మ. నన్ను గుర్తుపట్టింది. "తొందరగానే తెచ్చారు. కానీ ఏమీ చెప్పలేం," అంది.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. దిబ్బ మీంచి నడిచే వచ్చిందట. వంతెన మొత్తం నడిచే. కాళ్ళు వాచి ఉన్నాయి.

అమ్మే అడిగింది. "ఆ పిల్ల ఉందా?"

"ఉంది."

పొయ్యిలో కట్టె సర్దింది. నావైపు తిరగకుండా అంది. "బతికితే నాకు చెప్పకురా."


నవంబరు 22

మనిషిని గుర్తుపట్టట్లేదు. సెబాస్టియన్ వరండాలో జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.


నవంబరు 23

అలాగే ఉంది.


నవంబరు 26, ఆదివారం

అలాగే ఉంది. అమ్మ ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేదు. వాకిట్లో కూర్చుని నా ఆటో వస్తుంటే చూసి లోపలికి వెళ్ళిపోయింది.


నవంబరు 29

పొద్దున నేను వెళ్ళేసరికి జోసెఫిన్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. సెబాస్టియన్ ఆమెకి గ్లాసుతో నీళ్ళు పడుతున్నాడు. "పులుపు తినాలనుందంట," అన్నాడు నాతో. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. లోపల బిడ్డ బాగానే ఉందన్నారట.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆటో ఆపి ఏటిగట్టు మీద కూర్చున్నాను. మొహం కడుక్కున్నాను. ఏమీ తెలియనట్టు ఉండాలని అద్దంలో చూసుకుని మరీ వెళ్ళాను.

అమ్మ గుమ్మంలో ఉంది. నేనేమీ చెప్పలేదు. ఆవిడేమీ అడగలేదు. నా మొహం వైపు చూసింది, అంతే. చూసి, గుమ్మం పట్టుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది.

నేను పక్కన కూర్చోబోయాను.

"నువ్వెళ్ళి తిను," అంది.